శబ్దరత్నాకరం, బ్రౌన్, గ్విన్: ఏ పదానికి ఏది తెరవాలి

పద్యాలు చదివేవారు ముందు కొనదగింది బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమే. 1885లో వచ్చిన ఈ నిఘంటువును ఏళ్ల తరబడి వాడాక నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. పదం దొరకలేదంటే చాలాసార్లు అది లేక కాదు, మనం వెతికిన రూపం వేరు.

ఇందులో ‘పుస్తకం’ కాదు, ‘పుస్తకము’ చూడాలి. రాయడానికి వ్రాయు, కొత్తకు క్రొత్త, తాగడానికి త్రాగు. పళ్లు అన్న మాట ఎదురైతే అది పండో పన్నో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆరోపాలు, అంటే అర్థం చెప్పడానికి ఎత్తి ఇచ్చిన పదాలు, ఏకవచనంలో ఉంటాయి. మరచు కనబడకపోతే బండి ఱతో మఱచు చూడండి. అరసున్నను తేలిగ్గా తీసుకోవద్దు: ఏఁడు సంవత్సరం, ఏడు అంకె. క్షతో మొదలయ్యేవి ‘క’లోనే చివర్లో ఉంటాయి.

అసలు చిక్కు గసడదవాదేశం. పద్యంలో ముందు మాటను బట్టి క చ ట త ప లు గ స డ ద వ లుగా మారిపోతాయి. ‘వలికె’ అని ఉంటే పలుకు, ‘సేసె’ అని ఉంటే చేయు వెతకాలి. ‘వ’లో దొరకని క్రియను వెంటనే ‘ప’లో చూడటం అలవాటైతే సగం శ్రమ తగ్గుతుంది.

పదం పక్కనుండే దే. (దేశ్యం, అంటే అచ్చ తెలుగు), సం. (సంస్కృతం), వై. (వైకృతం, అంటే సంస్కృతం, ప్రాకృతం నుంచి మారి వచ్చింది) అనే గుర్తులను దాటేయకండి. ‘అరి’ సంస్కృతమైతే శత్రువు, దేశ్యమైతే కప్పం. ఈ తేడా పట్టించేది ఆ గుర్తే.

దీని పెద్ద లోపం, అర్థం చెప్పాల్సిన చోట ఇంకో కఠినమైన సంస్కృత పదం ఇచ్చి ఊరుకోవడం. అలాంటప్పుడు తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ ఆదుకుంటాడు. 1852 నాటి మొదటి కూర్పు కన్నా, సవరించిన 1903 కూర్పు తీసుకోండి. అర్థాలు ఇంగ్లీషులో ఉన్నా, జనం నోట ఉన్న పలుకుబళ్లకు అంత చోటిచ్చిన పాత నిఘంటువు అరుదు.

నేటి వాడుకకు మాత్రం జె.పి.ఎల్. గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1991) కావాలి. అందులో పదాలు ‘పుస్తకం’లా సున్నతోనే ఉంటాయి. కావ్య ప్రయోగాల కోసం దాన్ని తెరవడం దండగ.

ఆంధ్రభారతి సైటులో ఒక్క వెతుకులాటతో చాలా నిఘంటువులు కలిసి వస్తాయి. ఎంతో మేలు, కానీ వేర్వేరు కాలాల అర్థాలు ఒకే చోట కనబడతాయి కాబట్టి ప్రతి అర్థం ఏ నిఘంటువుదో చూసుకోవాలి. కావ్యాల్లో ‘కంపు’ అంటే పరిమళం కూడా. ఆ అర్థాన్ని నమ్మి ఇవాళ ఎవరింటి పూలకో ఆ మాట వాడితే వాళ్లు నొచ్చుకుంటారు.