కీ ఫంక్షనా, పోల్చే ఫంక్షనా?
గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన వెయ్యి లాట్ల వివరాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక జాబితాలో ఉన్నాయనుకుందాం. వాటిని క్వింటాలు ధరను బట్టి వరుసలో పెట్టాలి. రెండేసి లాట్లను పోల్చి ఏది ముందో చెప్పే ఫంక్షన్ రాస్తే, చిందరవందరగా ఉన్న జాబితాకు దానిని ఎనిమిది వేల సార్లకు పైగా పిలవవలసి వస్తుంది. కీ ఫంక్షన్ అయితే ఒక్కో లాటు నుంచి ధరను ఒక్కసారే తీసి ఇస్తుంది కనుక వెయ్యి పిలుపులతోనే పని పూర్తవుతుంది.

వేగం కన్నా నాకు ముఖ్యమైనది స్పష్టత. ముందు రకాన్ని బట్టి, ఒకే రకంలో ధరను బట్టి వరుస కావాలంటే కీ నుంచి ఆ రెండింటినీ జంటగా ఇస్తే చాలు. ఎక్కువ ధర ముందు రావాలంటే ధరకు మైనస్ గుర్తు పెట్టాలి. పోల్చే ఫంక్షన్‌లో ఇదే పనికి వరుస షరతులు రాయాలి, ధరలు సమానమైనప్పుడు ‘రెండూ ఒకటే’ అని చెప్పే సున్నాను ఇవ్వడం మరిచిపోతే క్రమం తప్పవచ్చు.

అయితే 9, 30 అనే సంఖ్యలను పక్కపక్కన చేర్చి పెద్ద సంఖ్యను కూర్చవలసినప్పుడు, 930ని 309తో పోల్చి చూడడమే సహజమైన దారి. 2008లో వచ్చిన పైథాన్ 3.0 పోల్చే ఫంక్షన్‌ను నేరుగా స్వీకరించడం మానేసినా, పైథాన్‌తోనే వచ్చే ఫంక్‌టూల్స్ మాడ్యూల్ దానిని కీగా మార్చి ఇస్తుంది.