పొగాకు పోయి ద్రాక్ష వచ్చిన లోయ: కింగ్ వ్యాలీలో రెండు రోజులు

విట్‌ఫీల్డ్ దగ్గర రోడ్డు పక్కన రేకుల కప్పుతో పొడుగ్గా నిలబడ్డ పాత కట్టడం చూసి నాన్న కారు ఆపమన్నారు. దిగి, గోడ మీద చెయ్యి వేసి, "ఇది పొగాకు బ్యారనేరా" అన్నారు. కందుకూరు దగ్గర మా పొలంలోనూ ఒకటుండేది. ఆకు కట్టిన కర్రలు పైదాకా ఎక్కించి, మంట చూసుకుంటూ రాత్రుళ్లు దాని పక్కనే పడుకునేవారు ఆయన. మెల్‌బోర్న్‌కి మూడు గంటల దూరంలో అలాంటిదే కనిపిస్తుందని ఇద్దరం అనుకోలేదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఈశాన్యంలో ఉన్న ఈ కొండసీమలో ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు చాలాకాలం పొగాకే పండించాయి. 1970ల చివర్నుంచి ఒక్కొక్కరే ద్రాక్షకు మళ్లారు. 2006లో పొగాకు సాగు పూర్తిగా ఆగిపోయింది. మొదట్లో వైను కంపెనీలు కొనే రకాలే వేసి కాయ అమ్ముకున్నవాళ్లు, తర్వాత పుట్టినగడ్డ రకాలు తెచ్చి నాటుకున్నారు. ఈ లోయకు వెళ్లాల్సింది వాటి కోసమే. షిరాజ్, షార్డనే లాంటి మామూలు రకాలు ఆస్ట్రేలియాలో ఎక్కడైనా దొరుకుతాయి.

ముందు ప్రొసెక్కో, అంటే ఇటలీ నురగ వైను, దాన్ని చేసే ద్రాక్ష కూడా. అది పుట్టిన ఇటలీలోని వాల్దొబ్బియాదెనె నుంచే వచ్చిన ఒట్టో డల్ జోట్టో 1999లో ఇక్కడ ఆ తీగ నాటారు. 2004లో మొదటి సీసా అమ్మకానికి వచ్చింది. 2009లో ఇటలీ ఆ పేరును తన ప్రాంతానికి కట్టేసుకుని, ద్రాక్షను గ్లేరా అనమంది. ఇక్కడివాళ్లు మాత్రం అది ద్రాక్ష పేరేనని ప్రొసెక్కో అనే రాస్తున్నారు. నేను వీళ్ల వైపే. లోయ కింద మిలావా ఊరి దగ్గర నేల సుమారు 150 మీటర్ల ఎత్తు, పైన విట్లాండ్స్‌ కొండ మీద 800 దాటుతుంది. పగలు ఎండ కాసినా రాత్రి చలికి కాయలో పులుపు చావదు. ఈ నురగ వైనుకు ప్రాణం ఆ పులుపే. ఒట్టో కుటుంబం వైనరీ డల్ జోట్టోలో తేటగా ఉండే మామూలు రకంతో పాటు కోల్ ఫోందో కూడా అడిగి తీసుకోండి. సీసాలోనే పులిసి, అడుగున మడ్డితో మసకగా ఉంటుంది. వాసన చూస్తే నాకు అమ్మమ్మ ఇంటి తరవాణి కుండ గుర్తొచ్చింది.

పిజ్జిని వైనరీలో సాంజొవేసె, నెబ్బియోలో అనే ఇటలీ ఎర్ర ద్రాక్షల వైన్లు రుచి చూశాం. నెబ్బియోలో రంగు చూసి మోసపోకండి. గ్లాసులో పలుచటి ఇటుక రంగు, నోట్లో పోసుకుంటే పచ్చి పోకచెక్క నమిలినట్టు నాలుక పట్టేస్తుంది. ఒక ముక్క చీజ్ తిని మళ్లీ తాగాను. వగరు తగ్గి, వెనక దాక్కున్న గులాబీ వాసన పైకొచ్చింది. అందుకే ముందు మిలావా చీజ్ ఫ్యాక్టరీలో ఆగి, తర్వాత పైకి వెళ్లడం మంచిది.

మిలావాలోని బ్రౌన్ బ్రదర్స్ వైనరీ 1889 నాటిది. వైను కొత్తవాళ్లకు అది సరైన చోటు, ఎన్నో రకాలు ఒకేచోట దొరుకుతాయి. టూరీగా, సుల్తానా ద్రాక్షలను కలిపి ఆస్ట్రేలియాలోనే పుట్టించిన టరాంగో అక్కడే తాగాను. చల్లగా తాగే తేలికపాటి ఎరుపు వైను, కోడికూరకు సరిపోతుంది. కానీ జనం ఎక్కువ, మాట్లాడే తీరిక ఉండదు. ఒక్కచోటికే సమయముంటే విట్‌ఫీల్డ్ దాకా రండి.

బస మాత్రం నిరాశపరిచింది. కొండ మీద కాటేజీలో హీటర్ పనిచేయలేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. అక్కడ చలికాలం ఇంకా మొదలవని మార్చిలోనే రాత్రి రెండు రగ్గులు కప్పుకున్నాం. నాన్నకు దగ్గు పట్టుకుంది. పెద్దవాళ్లతో వెళ్తే ఊళ్లోనే గది తీసుకోండి. రాత్రి భోజనం ఎక్కడో ముందే ఖాయం చేసుకోండి. బండి నడిపేవాళ్ల రక్తంలో మద్యం 0.05 శాతం పరిమితి గుర్తుంచుకుని, తాగనివాళ్లనే బండి నడపమనండి. మాకు మా ఆవిడ నడిపింది.

ఒక తోటలో నాన్న సాళ్లలోకి అడుగు పెట్టబోతే అక్కడి అమ్మాయి ఆపింది. వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు మట్టితో పాటు చెప్పులకంటుకుని తోట నుంచి తోటకు పాకుతుందట. నేను తెలుగులో చెప్పేలోపే ఆయనకు అర్థమైపోయింది. రెండడుగులు వెనక్కి వచ్చి, గట్టు మీదే గొంతుకూర్చుని, ఆకు తిప్పి చూస్తూ "నీళ్లు ఎన్నాళ్లకోసారి పెడతారో కనుక్కో" అన్నారు.