వాయిదాల మీద కొనేవారికి హెచ్చరిక: ‘సిబిల్ బాగోలేదు’ అన్న మాటతో ఊరుకోకండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక గృహోపకరణాల దుకాణంలో వడ్డీ లేని వాయిదాలపై ఫ్రిజ్ కొనబోయినప్పుడు నాకు ఎదురైన అనుభవాన్ని, పండుగ ఆఫర్ల కోసం వెళ్లే ఇతర కొనుగోలుదారులు జాగ్రత్తపడతారని రాస్తున్నాను.

ఫైనాన్స్ కౌంటర్‌లోని ఉద్యోగి ఆధార్, పాన్ వివరాలు తీసుకుని, ఫోనుకు వరుసగా వచ్చిన ఓటీపీలన్నీ అడిగి నమోదు చేసుకుని, చివరకు “సిబిల్ బాగోలేదు సార్, రిజెక్ట్ అయింది” అని తేల్చేశారు. సిబిల్ అంటే మన అప్పుల, చెల్లింపుల చరిత్రను నమోదు చేసి స్కోరు ఇచ్చే సంస్థ; వాడుకలో ఆ స్కోరునే సిబిల్ అంటారు. ఏ సంస్థ తిరస్కరించిందో, ఎందుకు తిరస్కరించిందో చెప్పలేదు. పైగా కొంత సొమ్ము ఇస్తే స్కోరు సరిచేయించే మనిషి గాజువాకలో ఉన్నారని సలహా ఇచ్చారు. ఇలాంటి వారికి దయచేసి రూపాయి కూడా ఇవ్వవద్దు. రుణ చరిత్రలోని నమోదును మార్చగలిగేది దాన్ని పంపిన రుణసంస్థే తప్ప మధ్యవర్తి కాదు.

సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు రుణ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి మన రుణ చరిత్ర పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మన నివేదికను మనం చూసుకున్నంత మాత్రాన స్కోరు తగ్గదు. నా నివేదిక తెరిస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఎప్పుడో పూర్తిగా చెల్లించి, బాకీ లేదన్న పత్రం కూడా తీసుకున్న సెల్‌ఫోన్ రుణం ఇంకా బకాయిగానే ఉంది. దానికితోడు, నేను ఒక్క ఫ్రిజ్‌కు చేసిన దరఖాస్తును దుకాణంవారు ఒకే రోజు పలు రుణసంస్థలకు పంపినట్లు ఎంక్వైరీల (రుణసంస్థలు మన రుణ చరిత్రను అడిగి చూసిన సందర్భాల) పట్టికలో వాటి పేర్లతో సహా కనిపించింది. తక్కువ వ్యవధిలో ఇన్ని ఎంక్వైరీలు ఉంటే, ఈ మనిషి అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నాడని తర్వాతి రుణదాత అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

రిజర్వు బ్యాంకు 2007లో సవరించిన నియమావళి ప్రకారం, క్రెడిట్ కార్డుతో సహా ఏ రుణ దరఖాస్తును తిరస్కరించినా బ్యాంకు అందుకు ప్రధాన కారణాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. రుణసంస్థ చూసిన మన రుణ సమాచారం ప్రతిని ఇవ్వమని ఆ సంస్థను కోరే హక్కును దరఖాస్తుదారుకు 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం కల్పించింది. కౌంటర్‌లో ఈ మాట ఎవరూ చెప్పరు. మనమే ఈమెయిల్‌లో అడగాలి.

తప్పుడు నమోదుపై ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే, ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం రావాలి. అప్పటికీ స్పందన లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదుల పరిష్కార అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఒకవేళ రుణసంస్థవారు ఎంతో కొంత కట్టి ‘సెటిల్’ చేసుకోమంటే ఒప్పుకోకండి; అలా చేస్తే అప్పు పూర్తిగా తీరినట్లు కాక ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. పూర్తిగా తీరిన అప్పు ‘క్లోజ్డ్’ అనే కనిపించాలి.

బాకీ లేదన్న పత్రాన్ని జతచేసి ఫిర్యాదు చేశాక నా పాత రుణం నమోదు సరిదిద్దారు. ఎంక్వైరీలు మాత్రం నా ఓటీపీలతో నిజంగానే జరిగినవి కనుక తొలగించడం కుదరదన్నారు. కాబట్టి దరఖాస్తు ఏ ఒక్క సంస్థకు వెళుతోందో ముందే అడిగి తెలుసుకుని, ఓటీపీ సందేశంలో ఆ సంస్థ పేరే ఉందో లేదో చూశాకే అంకెలు చెప్పండి. రెండో ఓటీపీ అడిగితే అక్కడితో ఆపించండి.