విశ్రాంత జీవితానికి హైదరాబాదా, విశాఖపట్నమా: ఏది మేలు?

ఉద్యోగ విరమణ తరువాత ఎక్కడ స్థిరపడాలా అని ఆలోచించే తెలుగు దంపతుల ముందు చివరకు నిలిచేవి తరచుగా ఈ రెండు నగరాలే. మే నెలలో హైదరాబాదు 40 డిగ్రీలు దాటుతుందని, విశాఖ 35 దగ్గరే ఆగుతుందని చూసి విశాఖే చల్లన అని చాలామంది తేల్చేస్తారు. పగటి ఎండ ఒక్కటే కొలతగా తీసుకుంటే పొరపాటు తప్పదు.

దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదుది పొడి ఎండ. పట్టిన చెమట వెంటనే ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అందుకే అక్కడ మామూలు ఎయిర్ కూలరుతో వేసవి గడిచిపోతుంది. విశాఖలో గాలి నిండా తేమే కనుక చెమట ఆరదు, కూలరు పెడితే గదిలో ఉక్క మరింత పెరుగుతుంది, రాత్రి కూడా 28 డిగ్రీల దగ్గరే ఉండటంతో ఏసీ లేనిదే కంటికి కునుకు రాదు. జూన్‌లో తొలకరి పడగానే హైదరాబాదు సాయంత్రాలు హాయిగా మారతాయి. విశాఖలో వాన వెలిసిన మరుక్షణం ఉక్క మొదలవుతుంది. నిద్ర పలచబడిన వయసులో ఈ తేడా చిన్నది కాదు.

సముద్రపు గాలి ఇంటినీ వదలదు. తీరానికి దగ్గరగా ఉంటే రంగు వేసిన కొద్ది కాలానికే కిటికీ గ్రిల్లు మీద తుప్పు పొక్కులు లేస్తాయి, మూత సరిగా పెట్టని డబ్బాలో వేయించిన వడియాలు సాయంత్రానికి మెత్తబడతాయి. తుఫాను సంగతి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూపించింది. అయితే 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోనూ చెరువుల కింది కాలనీలు మునిగాయి కనుక, ముప్పు లేని ఊరని దేనినీ అనలేము.

ఇంత చెప్పినా, రోజు గడిచే తీరు చూస్తే నా మొగ్గు విశాఖ వైపే. హైదరాబాదులో ఒక బంధువును పలకరించి రావాలంటే పూట గడిచిపోతుంది. మెట్రో వచ్చినా స్టేషనుకు దూరంగా ఉన్నవారికి ట్రాఫిక్ తప్పదు. విశాఖలో రైతు బజారు, ఆసుపత్రి, గుడి, సముద్రం అన్నీ చాలా కాలనీలకు చేరువలోనే ఉంటాయి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపి నడిచేవారికి విడిచిపెడతారు. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ నడవాలనుకునేవారికి అంతకు మించిన సదుపాయం మరొకటి లేదు. చలికాలంలో అరకుకు ఒక్క రోజులో వెళ్లి రావచ్చు.

పిల్లలు విదేశాల్లో ఉండి తరచూ రాకపోకలు ఉన్నవారికి, లేదా పెద్ద జబ్బుకు క్రమం తప్పని చికిత్స అవసరమైనవారికి హైదరాబాదే మేలు. అక్కడ ఉన్నన్ని ప్రత్యేక వైద్యశాలలు, విమానాలు విశాఖలో లేవు. మిగిలినవారు విశాఖను ఎంచుకోవచ్చు, కానీ ఇంటి చోటు చూసి తీసుకోవాలి. పోర్టు, పరిశ్రమల వైపు కొండల మధ్య గాలి కదలక ధూళి నిలుస్తుంది. సముద్రానికి ఎదురుగా కొంటే తుప్పుతో పోరాటం. రెండింటికీ కాస్త ఎడంగా ఉన్న సీతమ్మధార వంటి చోట ముందు అద్దెకు దిగి, ఒక మే నెలా ఒక అక్టోబరూ గడిపి చూశాకే కొనుగోలు మాట ఎత్తడం మంచిది.