పాట కట్టేవారికి చిత్తు పుస్తకం: ఐఫోన్ వాయిస్ మెమోస్

తట్టిన బాణీ తలలో నిలిచేది కొద్ది నిమిషాలే. ఈలోగా వేరే పాట చెవిన పడితే అంతసేపు కూడా ఉండదు. ఇంగ్లండు రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 1965లో నిద్రమధ్యలో లేచి ఒక గిటార్ వరస వాయించి, మళ్ళీ పడుకున్నాడు. పొద్దున క్యాసెట్ రికార్డర్ తిప్పి వింటే గాని ఆ సంగతి తెలియలేదని, మిగతా టేపంతా గురకేనని ఆయనే చెప్పాడు. అప్పుడు ఆ క్యాసెట్ రికార్డర్ చేసిన పనిని ఇప్పుడు ఐఫోన్‌తో పాటే వచ్చే రికార్డింగ్ యాప్ వాయిస్ మెమోస్ చేస్తోంది. బాణీని పట్టుకోవడానికి ఇంత మంచి సాధనం మరొకటి లేదు. దాచుకోవడానికి మాత్రం ఇది సరైన చోటు కాదు.

దీని బలమంతా వేగంలో ఉంది. ఐఫోన్ 15 ప్రో నుంచి ఫోన్ పక్క అంచున వచ్చిన యాక్షన్ బటన్‌కు వాయిస్ మెమోను కేటాయిస్తే, నొక్కిపట్టగానే రికార్డింగ్ మొదలవుతుంది. పాత ఫోన్లలో కంట్రోల్ సెంటర్‌లో పెట్టుకోవచ్చు. మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో రెండు మార్పులు చేయాలి. ఆడియో క్వాలిటీని కంప్రెస్డ్ (కుదించినది) నుంచి లాస్‌లెస్‌కు (ధ్వనిలో ఏమీ పోనిది) మార్చండి. ఫైలు బరువు పెరుగుతుంది, కానీ చిత్తు గొంతులో పలికిన భావం స్టూడియోలో మళ్ళీ రాక, ఆ ముక్కనే అసలు పాటలో వాడాల్సి వచ్చే సందర్భాలుంటాయి. ఈ మార్పు కొత్త రికార్డింగులకే వర్తిస్తుంది, పాతవి ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. రెండోది, ఊరి పేరు, వీధి పేరుతో ఫైలుకు పేరు పెట్టే అలవాటును ఆపేయండి. ఒకే గదిలో కట్టిన నలభై బాణీలకూ ఒకే పేరు, పక్కన అంకెలు వస్తే ఆర్నెల్ల తర్వాత వెతకడం ఎవరి తరమూ కాదు.

ఈ యాప్‌లో మైకు స్థాయిని తగ్గించే మీట లేదు. గొంతు పగిలినట్టు వినిపిస్తే ఫోన్‌ను దూరం జరపడం ఒక్కటే మార్గం. గిటార్‌తో పాడేటప్పుడు రెండు మూడు అడుగుల దూరంలో, నోటికీ గిటార్ రంధ్రానికీ మధ్య ఎత్తులో పెడితే రెండూ సమంగా పడతాయి. ఒట్టి బల్ల మీద పెడితే కాలితో వేసే తాళం ధబధబమంటూ మైకులోకి ఎక్కుతుంది, కింద మడత పెట్టిన తువ్వాలు వేయండి. ఫోన్ కింది అంచున మైకు ఉంటుంది కనుక చెయ్యి అడ్డుపెట్టకూడదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేయండి. వాటిలో చాలావాటి మైకు ఫోన్ కాల్ స్థాయి నాణ్యతకు పడిపోతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

ఎన్‌హాన్స్ అనే మంత్రదండం గుర్తు మాటలకు మంచిదే, పాటకు కాదు. గది చప్పుడుతో పాటు గిటార్ తీగల మోతను కూడా కోసేస్తుంది. స్కిప్ సైలెన్స్ ఇంకా ప్రమాదం. పల్లవిలో కావాలని వదిలిన విరామాన్ని మింగేసి వినిపిస్తే తాళం తప్పినట్టనిపిస్తుంది, బాగున్న బాణీనే అనుమానిస్తాం.

బాణీకి మాటలు రాసేవారికి అన్నిటికంటే అక్కరకొచ్చేది ప్లేబ్యాక్ వేగం. సగానికి తగ్గించినా శ్రుతి మారదు. 'తాన తాన తననా' అని కూనిరాగంగా పాడిన వరసను ఆ వేగంలో వింటే ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు, ఏ స్వరాన్ని ఎంతసేపు నిలబెట్టారో స్పష్టంగా తెలుస్తుంది. తెలుగులో ఈ లెక్క తప్పితే అర్థమే మారిపోతుంది. నిలిపే స్వరం మీద 'కల' అన్న మాట పడితే సాగి 'కాల' అయిపోతుంది. అక్కడ దీర్ఘం ఉన్న మాటే వేయాలి. ఐఓఎస్ 18లో వచ్చిన మాటల లిప్యంతరీకరణ మనకు పనికిరాదు, తెలుగు అందులో లేదు.

2016లో యాపిల్ మ్యూజిక్ మెమోస్ అని పాటవాళ్ళ కోసమే ఒక యాప్ తెచ్చింది. గిటార్ కార్డ్స్‌ను, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులను గుర్తుపట్టేది, డ్రమ్స్, బేస్ జత చేసేది. 2021 మార్చిలో ఆపేశారు. అది పెద్ద నష్టమే. వాయిస్ మెమోస్‌లో టిక్ టిక్ మని తాళం వేసే మెట్రోనోమ్ కూడా లేదు. అందుకే శ్రుతి, వేగం నోటితోనే చెప్పి రికార్డ్ చేయాలి. పదిహేను సెకన్లలో 21 చప్పట్లు పడితే నాలుగుతో హెచ్చవేయండి, వేగం నిమిషానికి 84. గిటార్ మెడ మీద మూడో మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, కేపో పెట్టి, వేళ్ళతో జీ కార్డ్ పట్టు పట్టి వాయిస్తే వినిపించేది బీ ఫ్లాట్. కేపో సంగతి చెప్పకపోతే తర్వాత ఆ బాణీ అందుకోవడానికి అరగంట పోతుంది.

ఐఫోన్ 16 ప్రో ఉన్నవారికి ఐఓఎస్ 18.2 నుంచి పొరలుగా రికార్డ్ చేసే సౌకర్యం ఉంది. గిటార్ ముక్క స్పీకర్లో మోగుతుండగా దాని మీద పాడితే, గొంతును వేరుచేసి రెండో పొరగా దాస్తుంది. హెడ్‌ఫోన్లు అక్కర్లేదు. ఆ ఫైలు నేరుగా యాపిల్ వారి స్టూడియో సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రోలో రెండు ట్రాకులుగా తెరుచుకుంటుంది. రెండు పొరలతోనే సరి, కోరస్ కట్టుకోవాలంటే యాపిల్ వారి మరో సంగీత యాప్ గ్యారేజ్‌బ్యాండ్‌కు వెళ్ళాల్సిందే.

పాటలు పోయేది ఎక్కువగా ఎడిటింగ్‌లోనే. రీప్లేస్ నొక్కి కొత్తగా పాడితే పాత గొంతు మీదే పడుతుంది, సేవ్ చేశాక వెనక్కి రాదు. ముందు డూప్లికేట్ తీసి, దాని మీదే కత్తెర వేయండి. ఐక్లౌడ్‌లో ఉంది కదా అని ధైర్యపడకండి, ఒక పరికరంలో చెరిపితే అన్నిటిలోనూ చెరిగిపోతుంది. ఇటీవల చెరిపినవాటి ఫోల్డర్లో మామూలుగా 30 రోజులే ఉంటుంది. కాబట్టి వారానికొకసారి మంచివాటిని సేవ్ టు ఫైల్స్ ద్వారా బయటికి తీసి, కంప్యూటర్లో ఒకటి, వేరే డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోవాలి. 'పల్లవి, సి మైనర్, 84' అన్న తీరులో పేరు పెడితే వెతకడం తేలిక.

ఇద్దరు ముగ్గురు కలిసి పాట కడుతుంటే, రికార్డింగ్ మొదట్లో తేదీ, గదిలో ఉన్నవారి పేర్లు పైకి చెప్పండి. పని సాగినంతసేపూ ఆపకుండా నడవనివ్వండి. పల్లవి ఎత్తుగడ ఎవరిది, చరణంలో ఆ మలుపు ఎవరిచ్చారు అన్నది ఆ ఫైలులో వినిపిస్తుంది. పాట విడుదలయ్యాక వాటాల దగ్గర మాట తేడా వస్తే అందరూ కలిసి కూర్చుని వినడానికి ఒకటుంటుంది. ఆ ఫైలును మాత్రం ట్రిమ్ చేయకుండా, అందరికీ అదే రోజు పంపేయాలి.