నైరోబీ ఇంటర్నేషనల్ స్కూల్లో మా పాప ఆరేళ్లు

మా పాపని 2019 సెప్టెంబరులో కెన్యా రాజధాని నైరోబీలోని ఒక ఇంటర్నేషనల్ డే స్కూల్లో ఇయర్ 3లో వేశాం. 2025 జులైకి ఇయర్ 8 అయిపోయింది. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లు ఈ స్కూళ్ల గురించి అడుగుతూనే ఉంటారు. అందుకే నేను చూసింది రాస్తున్నాను.

ముందు తరగతుల లెక్క. బ్రిటిష్ సిలబస్‌లో ఇయర్ 3 అంటే మన రెండో తరగతి. అది తెలియక, పాపని ఒక క్లాసు పైకి ఎక్కించేశారేమోనని మొదటి వారమంతా టెన్షన్ పడ్డాను. ఇయర్ 11లో కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ పరీక్షలు ఉంటాయి, అది మన పదో తరగతి అనుకోండి. పైగా ఇక్కడ స్కూళ్లు ఆగస్టు చివరలోనో సెప్టెంబరులోనో తెరుస్తారు, మన దగ్గర జూన్‌లో. వెనక్కి వెళ్లే ఆలోచన ఉంటే ఇది ముందే చూసుకోండి.

నాకు అన్నిటికంటే నచ్చింది చదువు చెప్పే తీరు. పేరెంట్స్ మీటింగ్‌లో టీచరు పక్కన కూర్చుంటారు, మాట్లాడేది పిల్లలే. ఇయర్ 5లో మా పాప సైన్స్ నోట్‌బుక్ తెరిచి చిక్కుడు గింజల ప్రయోగం చూపించింది. ఒక గ్లాసు కిటికీ దగ్గర, ఒకటి అల్మరాలో. "అల్మరాలోదే పొడుగ్గా పెరిగిందమ్మా, కానీ పాలిపోయింది. ఎందుకో మొదట తప్పు రాశాను, చూడు" అంటూ కొట్టేసిన లైను మీద వేలు పెట్టింది. మా చిన్నప్పుడు తప్పు రాస్తే ఆ పేజీ ఇంట్లో చూపించడానికే భయపడేవాళ్లం. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక్కడి భాష స్వాహిలి పిల్లలకి ఇట్టే వచ్చేస్తుంది. మన తెలుగులాగే అదీ అచ్చుతో ముగిసే భాష. బస్సుని 'బసి' అంటారు, బ్యాంకుని 'బెంకి'. టైము చెప్పడం దగ్గరే తికమక. పొద్దున్న ఏడైతే 'సా మోజా', అంటే ఒకటో గంట. ఎవరికైనా దెబ్బ తగిలితే, తప్పు మనది కాకపోయినా 'పోలే' అంటారు, మన 'అయ్యో పాపం' లాగా. ఒకరోజు నేను ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకుంటే, మా పాప లోపలి గదిలోంచి పరిగెత్తుకొచ్చి "పోలే అమ్మా" అంది. ఆ మాట ఏ పీరియడ్‌లోనూ చెప్పింది కాదు, ఆటస్థలంలో పట్టుకున్నది.

మధ్యాహ్నం భోజనంలో ఉగాలి పెడతారు, తెల్ల మొక్కజొన్న పిండితో వండిన ముద్ద, పక్కన సుకుమా వికి అనే ఆకుకూర. అనంతపురం నుంచి వచ్చిన మా అత్తగారు చూసి "ఇది మన సంగటే కదమ్మా" అన్నారు. చపాతీ, గింజల కూర కూడా ఉంటాయి, శాకాహారులకి ఇబ్బంది లేదు.

ఇక లోటుపాట్లు. లెక్కల్లో ప్రాక్టీసు చాలదు. ఆలోచన నేర్పుతారు గానీ చేతికి వేగం రాదు. ఎక్కాలు ఇంట్లో వాళ్ల నాన్నే చెప్పాల్సి వచ్చింది. తెలుగు రాయడం కూడా మా బాధ్యతే, ఆదివారాలు దానికే పోయాయి. బస్సు ఉదయం ఆరుంబావుకే, ఇంకా చీకటిగా ఉండగానే వస్తుంది. జూన్, జులైల్లో ఇక్కడ చలికాలం, స్వెటర్ లేనిదే పంపలేం.

నాకు కోపం తెప్పించింది మాత్రం ఫీజు. మా స్కూలు డాలర్లలో కట్టించుకుంటుంది, మా జీతం కెన్యా షిల్లింగుల్లో. 2023 మొదట్లో 125 లోపు ఉన్న డాలరు ఏడాది చివరికి 150 దాటేసింది. ఫీజు ఒక్క డాలరు పెంచకపోయినా మాకు భారం ఎంత పెరిగిందో చూడండి. వాయిదాల్లో కడతామని అడిగితే ఒప్పుకోలేదు. చేర్చే ముందు ఫీజు ఏ కరెన్సీలోనో, బస్సు, భోజనం అందులో కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి.

రెండేళ్లలో తిరిగి వెళ్లి ఇంటర్ చదివించాలనుకునేవాళ్లకైతే నైరోబీలో సీబీఎస్ఈ స్కూలు దొరుకుతుందేమో ముందు చూసుకోమంటాను. ఐదారేళ్లు ఉండేవాళ్లు ధైర్యంగా చేర్చవచ్చు. మా బాబుని కూడా అదే స్కూల్లో వేస్తున్నాం.