మూడు వానాకాలాల తర్వాత ముగ్గుపిండి మంచు

వంటసోడా మంచు మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను. బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధాల ఆటకి మంచు అడవి ఎలా చేయాలి అని ఎవర్ని అడిగినా వంటసోడాలో తెల్ల జిగురు కలిపి పూసేయమంటారు. మొదటి నెలలో నేనూ పదిమందికి అదే చెప్పాను, వాళ్లందరికీ ఇప్పుడు క్షమాపణ.

నా బోర్డు ఫిన్లాండ్‌లోని రాతె రోడ్డు, 1940 జనవరి మొదటి వారం, సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీదకి దండెత్తిన శీతాకాల యుద్ధం. అడవి మధ్యలో సన్నటి దారి, దాని పొడవునా ఇరుక్కుపోయిన సోవియట్ 44వ డివిజన్, చెట్ల చాటు నుంచి స్కీల మీద వచ్చి ఆ వరసని ముక్కలుగా తెంచేసే ఫిన్లాండ్ దళాలు. అలా తెంచి చుట్టుముట్టిన ముక్కని వాళ్లు 'మొత్తి' అంటారు, కొలతకి పేర్చిన కట్టెల దొంతరకి వాడే మాటే అది. ఫిన్లాండ్ వాళ్లకి తెల్లటి పై అంగీలు, ఎదుటి పక్షంలో చాలామందికి అవి లేవు. అంటే ఈ బోర్డు మీద తెలుపే ప్రాణం. సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తు సైనికుల బొమ్మలు, రెండడుగుల చదరం పలకలు ఆరు, అన్నీ కలిపితే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు.

మా ఇల్లు విశాఖలో, సముద్రానికి దగ్గర. ఫిబ్రవరిలో బోర్డు పూర్తయింది, వేసవి అంతా ఆడుకున్నాం, చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. జూలైలో రెండు వారాలు వదలకుండా వాన పట్టింది, పలకలు బీరువా మీద ఉన్నాయి. ఆగస్టులో దించి గుడ్డ తీసేసరికి గుండె జారిపోయింది. మంచంతా పాత న్యూస్ పేపర్ రంగుకి తిరిగింది. జిగురు మందంగా పడ్డ చోట, చెట్ల మొదళ్ల దగ్గర, ఇంకా ముదురు పసుపు. దారి అంచున వేలు పెట్టి చూస్తే గోడకి ఉబ్బిన సున్నంలా పెచ్చు పైకి లేచి వేలికే అంటుకుని వచ్చేసింది, కింద గోధుమరంగు నేల బయటపడింది. సరే చూద్దామని దాని మీద ఒక ఫిన్లాండ్ జవాన్ని నిలబెట్టాను. దాక్కోవాల్సిన మనిషి, ఆ తెల్ల అంగీతో బల్లకి అవతలి చివర నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనబడుతున్నాడు. నాలుగు నెలల ఆదివారాలు పోసి చేసిన పని అది. పైన తెల్ల రంగు వేసి చూశాను, రంగు పొర కింద నుంచి పెచ్చులు లేస్తూనే ఉన్నాయి. గీకి పారేయక తప్పలేదు.

దీనికి మందు మా ఇంటి కిటికీ గట్టు మీదే ఉంది. సంక్రాంతికి తెచ్చిన రాతి ముగ్గు సగం పొట్లం ఆ వానలన్నిటిలో మూతి తెరుచుకునే పడి ఉంది, తీసి చూస్తే గడ్డ కట్టలేదు, రంగు మారలేదు. అమ్మని అడిగితే, "రాయి కదరా, దానికేమవుతుంది" అంది. (బియ్యప్పిండి ముగ్గు పొరపాటున కూడా వాడకండి, చీమలు బోర్డునే పుట్ట చేసుకుంటాయి.)

నేను చేసేది ఇది. ముగ్గుని పలుచటి నూలు గుడ్డలో జల్లిస్తాను, మాస్కు తప్పనిసరి, రాతి ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మూడు చెంచాల ముగ్గుకి ఒక చెంచా తెల్ల జిగురు, ఒక చెంచా తెల్ల యాక్రిలిక్ రంగు, ఇడ్లీ పిండి జారుకి వచ్చేదాకా నీళ్లు. పాత బ్రష్షుతో పూసి, తడి ఆరకముందే పైన పొడి ముగ్గు చల్లుతాను. రంగు మాత్రం మానేయకండి. నేను మొదటి పలకకి మానేశాను, జిగురు పీల్చుకున్న ముగ్గు తెలుపు చచ్చి తడి సిమెంటులా కనబడింది.

అలా ఐదు పలకలు చేశాను. మూడు వానాకాలాలు గడిచాయి, పసుపు లేదు, పెచ్చు లేదు. చేతితో తడిమితే ఇప్పటికీ సన్నగా గరగరలాడుతుంది. బండి చక్రాల జాడలు పచ్చిగా ఉన్నప్పుడు ఎలా నొక్కానో అలాగే ఉన్నాయి.

అయితే ఇంతకుముందు ఒకరిద్దరికి "అచ్చం మంచే" అని చెప్పాను, అది కొంచెం ఎక్కువ. పగటి వెలుతురులో బావుంటుంది, ట్యూబ్‌లైట్ కింద కాస్త బూడిద రంగు కొడుతుంది. కొత్త సోడా మంచుకి ఉన్న మెత్తని మెరుపు దీనికి రాదు, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. బరువు కూడా ఎక్కువే, రెండు పలకలు ఒకేసారి మోసుకెళ్లడం మానేశాను. చెట్లకైతే అసలు పనికిరాలేదు. నా స్ప్రూస్ చెట్లు (చలిదేశాల్లో పెరిగే సూదాకుల చెట్లు) కొబ్బరితాడు పీచుని బైండింగ్ వైరు మధ్య పెట్టి డ్రిల్లుతో మెలితిప్పి చేసినవి, పీచు ఇన్నేళ్లలో ఒక్కటి రాలలేదు కానీ, ముగ్గు ముద్ద బరువుకి కొమ్మలు వాలిపోయాయి. వాటికి ఇప్పుడు కొమ్మల చివర్ల మీద తెల్ల రంగు ఒత్తి ఊరుకుంటున్నాను.

ఏసీ గదిలో పెట్టుకునేవాళ్లకి, లేదా హైదరాబాద్ లాంటి పొడి గాలిలో ఉండేవాళ్లకి సోడా ఎక్కువ కాలం నిలవచ్చేమో, నేను మాట్లాడేది మా గాలి గురించే. ఒక్క ఆటకి, ఒక్క ఫొటోకి అయితే సోడానే తేలిక. ఆరో పలక మీద పాత సోడా మంచు ఇంకా గీకలేదు, ఎవరైనా వచ్చి మంచు దేనితో చేయాలి అని అడిగితే ముందు దాన్నే చేతికిస్తాను.